ఉరికిన కాళ్లు మొద్దుబారిన ఏడాది

జనవరి

నాకు మొదటి అనుమానం బండ మీదే వచ్చింది.

ఆర్మూర్ గుట్ట మీది నల్లరాళ్లలో నాకు తెలియని సందు లేదు. ఏ బండ మంచుకు జారుతుందో, ఏ రాయి కాలు పెట్టగానే కదులుతుందో చూడకుండానే చెప్పగలిగేదాన్ని. ఆ పొద్దున నా కుడిపాదం బండ మీద పడింది. పడినట్టు నాకు తెలియలేదు. దూది పరుపు మీద అడుగు వేసినట్టుంది. వంగి చూసుకున్నాను. కాలు రాయి మీదే ఉంది. ఇంకో అడుగు వేశాను. మళ్లీ అదే దూది.

"ఏమైందే, ఆగినవ్?" అంది ముందు పోతున్న నజ్నీన్.

"బూట్లు పాతగైనయ్ గావచ్చు. పట్టు దొరుకుతలేదు" అన్నాను.

నిజంగానే అలా అనుకున్నాను.

నా పేరు సరిత. బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని సర్టిఫికెట్లకు దరఖాస్తులు కొట్టడం నా పని. మా ఆయన మహేశ్‌కు పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ములు రెండు ఉన్నాయి. మాకొక్కతే కూతురు, వైష్ణవి. ఎనిమిదో తరగతి. పెళ్లయ్యాక బరువు పెరిగి, నడుము పట్టేసి, ఎవరో నడవమంటే నడవడం మొదలుపెట్టాను. నడుస్తూ నడుస్తూ ఒకరోజు ఎందుకో ఉరికాను. ఇక ఆగలేదు.

నజ్నీన్ ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ టీచర్. వదులు కుర్తా, తలకు గట్టిగా చుట్టిన స్కార్ఫ్, కాళ్లకు బూట్లు. నాకంటే ముందునుంచే గుట్ట మీద ఉరికేది. మొదట్లో మమ్మల్ని చూసిన ఆడవాళ్లు "దవాఖానకు పోతున్నరా అమ్మా, గింత తొందర?" అని అడిగేవాళ్లు. తర్వాత అలవాటైపోయాం.

మాకు రోజుకో కసరత్తు ఉండేది. సోమవారం చేలగట్ల మీద మెల్లగా, మాట్లాడుకుంటూ. మంగళవారం గుట్ట మెట్లు ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం, తొడలు వణికేదాకా. బుధవారం ఇంట్లోనే: సగం నిండిన పసుపు సంచి భుజాన వేసుకుని గుంజీళ్లు తీయడం, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడటం. రాళ్ల మీద ఉరికేవాళ్లకు చీలమండ గట్టిగా ఉండాలని నజ్నీన్ చదివింది. ఆదివారం మాత్రం పెద్ద పరుగు. పసుపు, మొక్కజొన్న చేల మధ్య బండ్లబాటల వెంట పోయి గుట్ట వెనక నుంచి ఎక్కేవాళ్లం.

ఎక్కాక పైన బండ మీద కూర్చుని నజ్నీన్ పుస్తకం చెప్పేది. ఆమె దగ్గర పరుగు మీద రాసిన పుస్తకాలు ఒక అరనిండా ఉండేవి. నా ఇంగ్లిష్ అంతంత మాత్రం. అందుకని తాను చదివింది తెలుగులో, మధ్యలో ఉర్దూ కలిపి చెప్పేది. చలిదేశంలో కొండల మీది ఊళ్లకు జీవితమంతా ఉత్తరాలు మోసిన ఒక ముసలాయన రాసుకున్న చిన్న పుస్తకం నాకు ప్రాణం. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఎడారి దాటిన ఒకామె కథ ఇంకొకటి. నాకు నచ్చినవి ఇంటికి తెచ్చి మా టీవీ పక్కన పెట్టుకునేదాన్ని. అర్థమైనంత చదివేదాన్ని. కొన్ని పేజీలు ఎన్నిసార్లు చదివానో.

అంతకుముందు ఒక ఫంక్షన్‌లో తిన్నది పడక నాకు కడుపు పాడైంది. తగ్గిపోయింది కూడా. దానికీ, ఆ దూది అడుగుకూ సంబంధం ఉంటుందని నేనెలా అనుకుంటాను?

ఫిబ్రవరి

బూట్లు మార్చాను. దూది పోలేదు. పాదాల్లో చీమలు పాకినట్టు, తర్వాత పిక్కల్లో. మెట్లు దిగుతుంటే మోకాళ్లు వాటంతటవే మడతపడేవి. ఊళ్లో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. "బాగా ఉరుకుతున్నరు గదమ్మా, వీక్‌నెస్" అని బలానికి గోలీలు రాసిచ్చి విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆయనను నమ్మాను. నమ్మాలని ఉండింది కాబట్టి ఇంకా గట్టిగా నమ్మాను.

ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. తిమ్మిరి పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంటే, రెండు కాళ్లూ ఒకేసారి బలం తప్పుతుంటే, పొద్దుటికీ సాయంత్రానికీ తేడా కనబడుతుంటే ఇంట్లో కూర్చోకండి. వెంటనే పెద్ద దవాఖానకు పోండి.

ఆ డాక్టరుకు చూపించుకున్న రెండోరోజు సాయంత్రం ఇంటి ముందు గడప దాటుతూ పడిపోయాను. స్కూల్ నుంచి అప్పుడే వచ్చిన వైష్ణవి నన్ను పట్టుకోబోయింది. నా బరువంతా దాని మీద పడింది. దాని మణికట్టు కిందికి మడతపడింది. అది నొప్పితో అరుస్తోంది. దాని మీది నుంచి పక్కకు జరగాలి. జరగలేకపోయాను. కన్నబిడ్డ నా కింద నలుగుతుంటే నా కాళ్లు నా మాట వినలేదు. పక్కింటివాళ్లు వచ్చి నన్ను లేపేదాకా అలాగే పడి ఉన్నాను.

మహేశ్ డ్రమ్ము ఆపి, ఒళ్లంతా పసుపు దుమ్ముతోనే ఉరికి వచ్చాడు. పసుపు మార్కెట్‌కు పోయే సీజన్ అది. రైతులు బస్తాలతో వరసలో ఉన్నారు. అందరినీ వదిలేసి నన్ను నిజామాబాద్ తీసుకుపోయాడు. అక్కడ డాక్టరు నా మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు కదలలేదు. ఇంకోసారి కొట్టాడు. ఆయన ముఖం మారింది.

"హైదరాబాద్ తీస్కపోండి. ఇప్పుడే. ఊపిరి ఎట్లుందో చూస్కుంట పోవాలె."

ఊపిరి మాట ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు. హైదరాబాద్ దారిలో అంబులెన్స్ ఇందల్వాయి దాటేసరికి అర్థమైంది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. ఒక మాట పూర్తిచేయడానికి రెండుసార్లు గాలి పీల్చాల్సి వస్తోంది. మెట్లన్నీ ఎక్కి కూడా పాట పాడగలిగిన మనిషిని నేను.

హైదరాబాద్ డాక్టర్లు జీబీఎస్ అన్నారు. ఒంట్లోని రోగనిరోధక శక్తే దారితప్పి నరాల మీద పడటమట. ఎప్పుడో పాడైన కడుపుతో అది మొదలై ఉండొచ్చన్నారు. మహేశ్ వాళ్ల మాట వినలేదు.

"ఎన్నిసార్లు జెప్పిన నీకు? పొద్దుగాల లేసి గుట్టలెంబడి ఉరుకుడు! నరాలు తెంపుకున్నవ్ గదనే! గా మేడం జేసింది గిదంత!"

నర్సు బయటికి పంపేదాకా అరుస్తూనే ఉన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువని తెలుస్తూనే ఉంది. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. మాట రాలేదు. ఆ తర్వాత చాలాకాలం రాలేదు.

ఫిబ్రవరి చివర, మార్చి

మిషన్ నా బదులు ఊపిరి పీల్చేది. మొదట నోట్లో గొట్టం, తర్వాత గొంతుకు రంధ్రం చేసి పెట్టారు. చేతులు పోయాయి. మెడ పోయింది. కళ్లు మాత్రం మిగిలాయి.

మొదట్లో అందరూ నాకు స్పృహ లేదనుకునేవాళ్లు. నాకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. పక్క మంచం మీద తెర లాగడం, ఆ తర్వాత ఆ మంచం ఖాళీ కావడం. పైన ట్యూబులైటు. మిషన్ కూత పెడితే ఎవరూ రాని ఆ కాసేపు. మెలకువలో నా ఒంట్లో నన్ను పూడ్చిపెట్టినట్టుండేది. నిద్రపట్టిందంటే గుట్ట మీదే ఉండేదాన్ని. కళ్లు తెరిచినప్పుడల్లా కొత్తగా పోగొట్టుకునేదాన్ని. అందుకే నిద్రకు భయపడ్డాను.

పుస్తకాలు గుర్తుకొచ్చేవి. వాటి మీద అసహ్యం పుట్టింది. ఎడారి దాటిన ఆమెకు మోకాలు నొప్పి పుట్టింది. నొప్పి పుట్టడానికి ఆమెకు మోకాలు ఉంది కదా! కష్టపడితే చివరికి ఉరుకుతామని చెప్పని పుస్తకం ఒక్కటీ లేదు. కష్టపడటానికి కండరం కదలకపోతే ఏం చేయాలో ఏ ఒక్కరూ రాయలేదు.

బయట ఏం జరిగిందో నాకు తోడుగా వచ్చిన మా అమ్మ తర్వాత చెప్పింది. ఆదివారం ఆదివారం నజ్నీన్ ఆర్మూర్ నుంచి బస్సెక్కి వచ్చేదట. లోపలికి పోవడానికి ఒకే పాసు. అది మహేశ్ జేబులో ఉండేది. ఇచ్చేవాడు కాదు. ఆమె అడిగేది కాదు. వెయిటింగ్ హాల్లో ఇనుప కుర్చీలో పొద్దంతా కూర్చుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది. ఒకసారి అమ్మ ఆగలేక అడిగిందట.

"లోపటికి పోనియ్యకపోతే ఎందుకొస్తున్నవ్ బిడ్డా, గింత దూరం?"

"ఇంటికాడుంటే ఇంకా దూరం అనిపిస్తున్నది అమ్మా."

అలా వచ్చినప్పుడే ఆమె ఒక అట్ట తయారుచేసి తెచ్చింది. పెద్ద అక్షరాలతో క, చ, ట, త, ప, య వరసలు, పక్కన గుణింతపు గుర్తులు. వేలు పెట్టి చూపిస్తే నేను రెప్ప వేయాలి. అమ్మ దాన్ని మహేశ్ చేతికిచ్చింది.

ఆ రోజు మహేశ్ అట్ట పట్టుకుని నా ముఖం దగ్గరికి వంగాడు. గడ్డం పెరిగి ఉంది. చొక్కా కాలర్‌కు ఇంకా పసుపు మరక.

"జెప్పు సరితా. ఏం గావాలె నీకు? ఏదన్న జెప్పు."

వేలు చ మీదికి వచ్చినప్పుడు రెప్ప వేశాను. దీర్ఘం దగ్గర వేశాను. తర్వాత ల. తర్వాత కొమ్ము.

"చాలు" అని చదివాడు. "ఏం చాలు? ఏసీ తగ్గియ్యమంటనా?"

నేను రెప్ప వేయలేదు. ఆయన వైపే చూశాను. చాలాసేపు చూశాను. ఆయనకు అర్థమైంది. అట్టను నా కాళ్ల దగ్గర పెట్టి బయటికి నడిచాడు. గ్లాసు తలుపు అవతల గోడకు నుదురు ఆనించి నిలబడటం కనబడింది. నాకు జాలి కలగలేదు. అంత ఎండిపోయి ఉన్నాను.

ఆ తర్వాతి ఆదివారం మహేశ్ తనంతట తానే నజ్నీన్ దగ్గరికి వెళ్లి పాసు చేతిలో పెట్టాడట. "మీరు పోండి మేడం. నాతోని అయితలేదు" అన్నాడట.

ఆమె మాస్కు పెట్టుకుని వచ్చింది. చేతిలో నేను చదివి తిరిగిచ్చేసిన ముసలాయన పుస్తకం. నన్ను చూడగానే ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత స్టూల్ లాక్కుని కూర్చుని, మామూలు గొంతు తెచ్చుకోవడానికి కష్టపడుతూ, ఏదో పేజీ తీసి చెప్పడం మొదలుపెట్టింది. మంచు, ఎత్తు, ముసలాయన ఊపిరి. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. తెరవలేదు. ఆమె ఆపేసింది.

పుస్తకం మూసిన చప్పుడు విన్నాను.

"నాకు గూడ తెల్వదు సరితా" అంది. "నీకేం జెప్పాల్నో తెల్వదు. బస్సుల మొత్తం సోచాయించుకుంట వచ్చిన. ఏ పుస్తకంల లేదు."

ఆ మాటకు కళ్లు తెరిచాను. ఇన్నాళ్లలో నాకు అబద్ధం చెప్పని మొదటి మనిషి ఆమె. అందరూ "నువ్వు లేస్తవ్", "నీకేం గాదు" అన్నవాళ్లే.

ఆమె అట్ట తీసింది. మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. నేను ఏదో పెద్ద మాట చెబుతానని భయపడుతోందని తెలుస్తూనే ఉంది. గ దగ్గర రెప్ప వేశాను. తర్వాత ఓత్వం. తర్వాత క. తర్వాత కొమ్ము.

"గో... కు. గోకు?" ఆమెకు అర్థం కాలేదు. "గోకుడా? ఎక్కడ?"

మ. కొమ్ము. క, కింద ఇంకో క, కొమ్ము.

"ముక్కా! ముక్కు దురద పెడుతున్నదా నీకు?"

టేపు అంటించిన చోట ముక్కు పక్కన దురద. ఎన్నాళ్లుగానో. ఎవరు వచ్చినా నా కళ్లలోకి చూసి ఏడ్చేవాళ్లు. కళ్ల కింద దురద ఉందని ఎవరికి తెలుస్తుంది? నజ్నీన్ గోరుతో మెల్లగా, తర్వాత గట్టిగా గోకింది. నా కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. ఆమె నవ్వుతూ ఏడుస్తూ, "ఇంకా? గిక్కడా? గీ పక్కకా?" అని అడుగుతూనే ఉంది. నర్సు టైమైందని పిలిచేదాకా ఆమె గోకుతూనే ఉంది.

చచ్చిపోవాలన్న కోరిక ఆ రోజుతో పోయిందని చెప్పను. పోలేదు. కానీ తర్వాత మహేశ్ అట్ట పట్టుకున్నప్పుడు నేను "నీళ్లు" అని రాయించాను, "తల దువ్వు" అని రాయించాను. ఆయన ప్రతిసారీ ఆ మాట చదివి ఊపిరి పీల్చుకునేవాడు.

వేసవి

మిషన్ తీసేశారు. గొంతు రంధ్రం మూసుకుంది. వేళ్లు కదిలాయి, తర్వాత చేతులు. నడుము నుంచి కిందికి మాత్రం నెమ్మది. వీల్‌చెయిర్‌లో ఇంటికి తెచ్చారు. వీధిలో ఉడికించిన పసుపు వాసన తగిలి ఏడుపొచ్చింది. సీజన్ అయిపోవచ్చింది. మహేశ్ డ్రమ్ములకు ఆ ఏడు పని లేదు.

టీవీ పక్కన చూశాను. పుస్తకాలు లేవు. గుమ్మం వెనక బూట్లు లేవు.

"వైషూ డాడీ, నా పుస్తకాలేవి?"

ఆయన నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. "పాత పేపర్లు కొనేటోనికి ఏసిన."

"నావి గూడ కాదు గదా అవి! నజ్నీన్‌వి!"

"తెలుసు."

"గంత కోపమా నా మీద? నేను అక్కడ పడుంటే నువ్వు ఇంటికొచ్చి గీ పని జేసినవా?"

అరిచేంత గొంతు ఇంకా లేదు నాకు. అయినా అరిచాను. గీరుకుపోయిన ఆ గొంతుకు అమ్మ వంటింట్లో నుంచి ఉరికి వచ్చింది. మహేశ్ కింద కూర్చున్నాడు.

"నువ్వు చాలు అన్నవ్ గదా" అన్నాడు. "ఆ దినం ఇంటికొచ్చిన, బట్టలు తీస్కపోదామని. గుమ్మం కాడ నీ బూట్లున్నయ్. మట్టి గట్లనే ఉన్నది వాటికి. ఆగబట్టలే నాకు. అవి ఇంట్ల ఉంటే నేను బతక అనిపించింది. అన్నీ ఎత్తి బండి మీద ఏసిన."

నేను ఆయనను క్షమించానా అంటే చెప్పలేను. రెండు రోజులు మాట్లాడలేదు. కానీ ఆయన ఎత్తుకుంటేనే బాత్రూమ్‌కు పోవాలి, ఆయన పట్టుకుంటేనే కూర్చోవాలి. మాట్లాడకుండా ఒకరి మెడ చుట్టూ చేతులు వేసి ఎన్నాళ్లు వేలాడతాం? మూడోరోజు ఎత్తుకున్నప్పుడు "నడుం జాగ్రత్త" అన్నాను. "ఊఁ" అన్నాడు.

నజ్నీన్‌కు చెప్తే "పోతే పోయినయ్ తీ" అంది. ముఖం మాత్రం చిన్నబోయింది.

కసరత్తులు మళ్లీ మొదలయ్యాయి. ఫిజియో చెప్పినవి. బొటనవేలిని చూస్తూ కదలమని మనసులో చెప్పాలి. పాదాన్ని తువ్వాలుతో లాగి పట్టాలి. మంచం అంచున కూర్చుని పడిపోకుండా ఉండాలి. గుట్ట మెట్లు ఎక్కినప్పుడు కూడా అంత చెమట పట్టలేదు. వారాల తరబడి చెప్పినా బొటనవేలు వినేది కాదు. కొన్ని రోజులు తువ్వాలు విసిరికొట్టి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. మోకాళ్లు కొంచెం కొంచెంగా లేచాయి. పాదాలు మాత్రం చచ్చే ఉన్నాయి. వేడి, చల్ల, ముల్లు, ఏదీ తెలియదు. కాళ్ల దగ్గర వేడివి పెట్టొద్దని, కాలినా తెలియదని డాక్టర్లు గట్టిగా చెప్పి పంపారు. పాదాలు రాకపోతే నడక ఇంతేనని, ఎప్పటికి వస్తాయో ఎవరూ చెప్పలేరని కూడా అన్నారు.

అన్నిటికన్నా బాధ వైష్ణవి. నా గదిలోకి వచ్చేది కాదు. వచ్చినా తలుపు దగ్గరే నిలబడేది. నాకేదైనా అందించాలంటే మంచం మీద పెట్టి వెనక్కి జరిగేది. నా వాసన గిట్టడం లేదేమో అనుకున్నాను. ఒకరోజు ఆగలేక అడిగాను.

"నేనంటే భయమా బిడ్డా?"

అది మణికట్టు పట్టుకుని నిలబడింది. "నేను మంచిగ పట్టుకోలే మమ్మీ. అందుకే పడ్డవ్. మంచిగ పట్టుకుంటే నీకు గిట్ల కాకపోవు."

ఇన్ని నెలలు ఆ పిల్ల ఆ మాటను లోపలే మోసింది. ఒక్కరూ దాన్ని అడగలేదు. నేనూ అడగలేదు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, అంతకుముందే నా కాళ్లు పోయాయని, అది పట్టుకోవడం వల్లే నా తల గడపకు కొట్టుకోలేదని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. కానీ ఆ తర్వాత గదిలోకి రావడం మొదలుపెట్టింది.

వానాకాలం

ఆ రోజు బయట జోరుగా వాన. అమ్మ సంతకు పోయి ఎక్కడో ఆగిపోయింది. మహేశ్ పక్క షెడ్డులో డ్రమ్ము బాగుచేసుకుంటున్నాడు. నేను కుర్చీలో, రెండు చేతులా వాకర్ పట్టుకుని నిలబడటం పూర్తిచేసి కూలబడి ఉన్నాను. ఆ పొద్దున నజ్నీన్ వచ్చి పోయింది. ఈ నెలంతా ఏ మార్పూ లేదని ఆమెకు చెప్పాను. ఇద్దరం వాన చూస్తూ కూర్చున్నాం.

వైష్ణవి స్కూల్ నుంచి వచ్చింది. నా పాదాలు చూసింది. చల్లబడి, నీలంగా ఉన్నాయి.

"కడగాల్నా మమ్మీ?"

ఎప్పుడూ అడగలేదది. వద్దంటే మళ్లీ తలుపు దగ్గరికి పోతుందేమోనని తల ఊపాను. టబ్బులో నీళ్లు తెచ్చింది. వానకు చలిగా ఉందని పొయ్యి మీది నీళ్లు కలిపిందట. తన చేత్తో చూసుకోవడం మరచిపోయింది. నా కుడిపాదాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి నీళ్లలో పెట్టింది.

"అమ్మా!" అని అరిచాను.

అది బెదిరిపోయి కాలిని బయటికి లాగింది. నీళ్లు నేలంతా చిందాయి. పాదం ఎర్రబడుతోంది. "సారీ మమ్మీ, సారీ, కాలిందా? నేను జూడలే, మరిచిపోయిన..." అని ఏడవబోయి ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది. నేను దాని ముఖంలోకి చూశాను. షెడ్డులో చప్పుడు ఆగింది. మహేశ్ ఉరికి వస్తున్నాడు.

"మమ్మీ" అంది వైష్ణవి మెల్లగా. "నీకెట్ల తెలిసింది?"

పాదం మంటెత్తిపోతోంది. వేళ్ల సందుల్లో, మడమలో, అరికాలి మధ్యలో, ఎక్కడెక్కడ మండుతోందో అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి.

"ఇంకోసారి పెట్టు" అన్నాను.

"వద్దు మమ్మీ. కాలుతది."

"కాలనియ్. పెట్టు బిడ్డా."